ఐదు గేట్లలో ఒకటి లేవలేదు: ఇంకో రెండు గేట్లు అడగాలా, గేట్లు లేని అలుగు అడగాలా?

వాగుగట్టు
మా ఊరు ఒక మధ్యతరహా ప్రాజెక్టుకు నాలుగు కిలోమీటర్ల దిగువన ఉంది. ప్రాజెక్టు పేరు రాయదలచుకోలేదు. నిల్వ 1.5 టీఎంసీలు. రెండు పక్కలా మట్టికట్ట, మధ్యలో వరద నీళ్ళు దాటించే రాతి స్పిల్‌వే, దానికి 5 గేట్లు. ఒక్కో గేటు 40 అడుగుల వెడల్పు, 30 అడుగుల ఎత్తు. కట్ట తల ఎఫ్‌ఆర్‌ఎల్ (జలాశయం పూర్తిగా నిండిన మట్టం) కన్నా 8 అడుగులు ఎత్తులో ఉంటుంది.

కిందటి నవంబరు తుపాను రాత్రి గేట్లు ఎత్తబోతే నాలుగే లేచాయి. ఐదోది తెల్లవారే దాకా కదలలేదు. ఆ రాత్రి 1.35 లక్షల క్యూసెక్కులు వచ్చిందని తరువాత చెప్పారు. నీళ్ళు కట్ట తలకు అడుగున్నర కిందికి చేరాయి. పిల్లలను, ముసలివాళ్ళను ట్రాక్టర్లలో ఎక్కించుకుని గుట్ట మీది గుడి దగ్గర కూర్చున్నాం. మా అమ్మ మాత్రం గొడ్లను వదిలి రానని ఇంట్లోనే ఉండిపోయింది.

ఇప్పుడు వరద అంచనాను 1.6 లక్షల క్యూసెక్కులకు పెంచారు. రెండు ప్రతిపాదనలు ఉన్నాయి. కుడివైపు ఇంకో రెండు గేట్లు కట్టడం ఒకటి. ఎడమవైపు గుట్టల మధ్య పల్లంలో 600 అడుగుల పొడవున, గేట్లు లేని అలుగు కట్టడం రెండోది. వచ్చే వారం గ్రామసభ ఉంది. ఏది అడగాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఆయకట్టు_చివర
గేట్లే అడుగు తమ్ముడూ. మాది కాలువ చివరి ఊరు. అలుగు కడుతున్నామని చెప్పి రెండు అడుగులు కింద కడితే ఆ రెండు అడుగుల నీళ్ళు సముద్రం పాలు. కోత పడేది మా మడికే.

మత్తడిపోత
మా వరంగల్లు వైపు చెరువులకు గేట్లు లేవు, మత్తడి ఉంటుంది, అంటే మీరనే అలుగే. నిండితే పోస్తుంది, లేకపోతే లేదు. కరెంటు అక్కరలేదు, గేట్లు ఎత్తే లస్కరు నిద్ర లేవనక్కరలేదు. పాకాల, రామప్ప, లక్నవరం కాకతీయుల కాలం నుంచి అలాగే నడుస్తున్నాయి. నేనైతే కళ్ళు మూసుకుని అలుగే అడుగుతాను.

తూములో_చేప
ఒక చిన్న అనుమానం. ఇంత గొడవ ఎందుకు, వరద రాక ముందే కాలువ తూములన్నీ ఎత్తేస్తే నీళ్ళు తగ్గిపోవా?

లెక్కల_మాస్టారు
చేపకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే చాలామందికి ఇదే అనుమానం. 4 అడుగులు × 6 అడుగుల తూము మీద 60 అడుగుల నీళ్ళు నిలిచి ఉన్నా, దాని నుంచి వచ్చేది 900 క్యూసెక్కుల లోపే. ఒక టీఎంసీ ఖాళీ కావాలంటే 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారాలి. రెండు రోజుల ముందు నుంచి తూము ఎత్తి ఉంచినా తగ్గేది 0.16 టీఎంసీ కూడా ఉండదు. పైగా ఆ నీళ్ళు కాలువలో పట్టాలి కదా.

ఇంకో తేడా చూడండి. తూములో పైన నీటి ఎత్తు రెండింతలైతే ప్రవాహం 1.4 రెట్లే పెరుగుతుంది. అదే స్పిల్‌వే తల మీద నీటి ఎత్తు రెండింతలైతే ప్రవాహం 2.8 రెట్లు అవుతుంది. పంటకు కావలసింది నిలకడగా వచ్చే కొంచెం నీరు, అది తూము పని. వరద ఒక్కసారిగా మీద పడుతుంది, దాన్ని స్పిల్‌వేనే దాటించాలి. ఒకదాని పని ఇంకొకదానితో చేయించలేం.

తూములో_చేప
అర్థమైంది మాస్టారూ. ఇక నా తూములోకి నేను వెళ్ళిపోతాను.

లెక్కల_మాస్టారు
ఇప్పుడు అసలు ప్రశ్న. గేటు కింద ఉండే స్పిల్‌వే తల మీద 30 అడుగుల నీళ్ళుంటే మీ గేటు ఒక్కొక్కటి సుమారు 25,000 క్యూసెక్కులు వదులుతుంది. ఐదూ లేస్తే 1.25 లక్షలు, నాలుగైతే లక్ష. 1.35 లక్షల వరద వస్తే, వచ్చినంతా నాలుగు గేట్ల నుంచే పోవడానికి నీళ్ళు ఎఫ్‌ఆర్‌ఎల్ మీద ఆరున్నర అడుగులు పెరగాలి. మీరు చెప్పిన ‘తలకు అడుగున్నర కింద’ అన్నది లెక్కకు సరిగ్గా సరిపోయింది.

అదే రాత్రి ఐదో గేటు కూడా లేచి ఉంటే నీటిమట్టం ఎఫ్‌ఆర్‌ఎల్ మీద రెండు అడుగులు కూడా దాటేది కాదు. ఒక్క గేటు మీకు దాదాపు ఐదు అడుగుల కట్టను తినేసింది.

వాగుగట్టు
మాస్టారూ, ఈ మాట చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను. మాకు ఇంతవరకు ‘కనీవినీ ఎరుగని వరద’ అనే చెప్పారు.

కడెం_ఒడ్డు
మేము ఈ అనుభవంలోంచే వచ్చాం. 2022 జూలైలో కడెం ప్రాజెక్టుకు 18 గేట్లు వదలగలిగింది సుమారు 3 లక్షల క్యూసెక్కులైతే, వచ్చింది 5 లక్షలకు పైనే. అందులోనూ ఒక గేటు లేవలేదు. నీళ్ళు గేట్ల మీదుగా దూకాయి. దిగువ ఊళ్ళన్నీ ఖాళీ చేయించారు. మరుసటి ఏడు జూలైలో మళ్ళీ వరద, మళ్ళీ కొన్ని గేట్లు లేవలేదు. అందుకే చెబుతున్నాను, ఎన్ని గేట్లు ఉన్నాయని అడగవద్దు, ఎన్ని లేస్తాయని అడగండి.

నల్లరేగడి
అన్నమయ్య ప్రాజెక్టు సంగతీ ఇంతే కదా. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు మీద మట్టికట్ట కొట్టుకుపోయింది. అక్కడా ఐదు గేట్లే, అక్కడా ఒకటి లేవలేదు. పైన పింఛా కట్ట తెగి ఆ నీళ్ళు కూడా వచ్చి పడ్డాయి. దిగువన దెబ్బతిన్న పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట పేర్లు వింటే ఇప్పటికీ మా వైపు మనుషులు మాట మారుస్తారు.

వాగుగట్టు అన్నా, మీ ప్రాజెక్టుకు పైన చెరువులు ఎన్ని ఉన్నాయో చూశారా? గొలుసుకట్టులో ఒకటి తెగితే కింద వాటి లెక్క మొత్తం మారిపోతుంది.

విశ్రాంత_ఈఈ
ముప్పై ఏళ్ళు డ్యాముల మీదే పనిచేశాను కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను.

ముందు 1.6 లక్షలు ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి. ఎంత వరదకు స్పిల్‌వే కట్టాలో భారతీయ ప్రమాణం ఐఎస్ 11223 చెబుతుంది. చిన్న డ్యాములకు నూరేళ్ళకు ఒకసారి వచ్చే వరద. 10 నుంచి 60 మిలియన్ ఘనపు మీటర్ల నిల్వ ఉన్న మధ్యరకానికి ప్రామాణిక వరద, అంటే ఆ ప్రాంతంలో పడే అతి తీవ్రమైన వానలకు వచ్చేది. అంతకు మించితే రాగలిగినంత గరిష్ఠ వరద. నీటి ఎత్తును బట్టి కూడా ఇలాగే వర్గీకరిస్తారు, రెండింటిలో పెద్ద వర్గాన్నే తీసుకోవాలి. మీ 1.5 టీఎంసీలు అంటే 42 మిలియన్ ఘనపు మీటర్లు, మధ్యరకం. కానీ దిగువన ఊళ్ళు దగ్గరగా ఉంటే ఒక మెట్టు పైకి లెక్కించవచ్చు. నాలుగు కిలోమీటర్లలో ఊరు ఉన్నప్పుడు ఆ మెట్టు ఎక్కాలనే నా అభిప్రాయం.

రెండోది, మట్టికట్టకూ రాతి, కాంక్రీటు డ్యాములకూ ఉన్న తేడా. 2009 అక్టోబరులో శ్రీశైలానికి 19 లక్షల క్యూసెక్కుల అంచనాను దాటి 25 లక్షలు వచ్చింది. పూర్తి మట్టం 885 అడుగులైతే నీళ్ళు 896 దాటాయి. డ్యాము నిలిచింది, ఎందుకంటే అది రాయీ కాంక్రీటూ. కర్నూలు మునిగింది, అది వేరే దుఃఖం. అదే మట్టికట్ట అయితే తల మీదుగా నీళ్ళు పారడం మొదలయ్యాక కొన్ని గంటలే. 1979 ఆగస్టు 11న గుజరాత్‌లో మచ్ఛు రెండో డ్యాము అలాగే పోయింది. 2 లక్షల క్యూసెక్కులకు కట్టిన స్పిల్‌వే మీదికి రెండింతలకు పైగా వచ్చింది. మోర్బీ పట్టణం తుడిచిపెట్టుకుపోయింది. అందుకే మట్టికట్టకు స్పిల్‌వే లెక్కలో పిసినారితనం పనికిరాదు.

మూడోది. లెక్క వేసేటప్పుడు గేట్లన్నీ లేస్తాయని అనుకోకూడదు. గేట్లలో పదో వంతు, తక్కువలో తక్కువ ఒకటి, పనిచేయదనుకుని కట్టాలన్నది మా పద్ధతి. మీ దగ్గర ఆ లెక్క కాగితం మీద ఉందో లేదో నీటిపారుదల ఇంజనీరును నేరుగా అడగండి.

గేటుపని
ఈఈ గారు చెప్పిన పదో వంతు గురించి ఒక మాట. మా నాన్న లస్కరు, నేను గేట్ల మరమ్మతు పని చేస్తాను. గేట్లు ఒకటొకటిగా చెడిపోవు. కరెంటు పోతే అన్నిటికీ పోతుంది. జనరేటరులో డీజిల్ లేకపోతే అన్నిటికీ లేదు. లస్కరు ఉండే ఊరి దారి వాగులో మునిగితే ఆయన ఏ గేటు దగ్గరకూ రాలేడు. కాబట్టి ఐదు గేట్లను ఏడు చేసినంత మాత్రాన ప్రమాదం తగ్గిందనుకోకండి.

మీ ఐదో గేటు విషయం. ఒక పక్క తాడు సాగి, ఇంకో పక్క బిగుసుకుంటే గేటు వంకరగా లేచి గాడిలో ఇరుక్కుంటుంది. నేను చూసిన వాటిలో సగం ఇవే. మిగతా సగం తుప్పు, అడుగున చేరిన ఇసుక. వానాకాలానికి ముందు ప్రతి గేటునూ ఒకసారి ఎత్తి దించితే ఇవన్నీ మే నెలలోనే బయటపడతాయి.

కృష్ణాతీరం
తుంగభద్ర మరచిపోయారా? 33 గేట్లలో 19వ దాని గొలుసు 2024 ఆగస్టు 10 రాత్రి తెగింది. 1953 నుంచి నీళ్ళిస్తున్న డ్యాము. పారే నీటిలో అడ్డుపలకలు దించి వారంలో ఆపారు, గొప్ప పని. కానీ అక్కడ సమస్య తిరగబడింది: గేటు లేవకపోవడం కాదు, గేటు లేకుండా పోవడం. ఆయకట్టు రైతుల గుండెలు ఆ వారం ఎలా కొట్టుకున్నాయో నాకు తెలుసు. స్టాప్‌లాగ్‌లు, అంటే ఆ అడ్డుపలకలు, ముందే చేసి పెట్టుకోవాలి, గేటు పోయాక కొలతలు తీసుకోవడం కాదు.

మత్తడిపోత
చూశారా, అన్నీ గేట్ల కథలే. అలుగు కట్టండి, హాయిగా పడుకోండి.

లెక్కల_మాస్టారు
మత్తడిపోత గారూ, ఒక్క నిమిషం. 600 అడుగుల అలుగు మీద ఐదు అడుగుల నీళ్ళు పారితే వెళ్ళేది 20,000 క్యూసెక్కులు. అంటే మీ 600 అడుగులు ఒక్క 40 అడుగుల గేటుకు కూడా సరితూగడం లేదు. గేటు తల 30 అడుగుల లోతున ఉంటుంది, అలుగు తల నీటి మట్టం దగ్గర ఉంటుంది. లోతుకే బలం.

1.6 లక్షల వరదకు నాలుగు గేట్లే లేచాయనుకుందాం. అలుగు లేకపోతే గంటకు 0.2 టీఎంసీ పైగా చేరుతుంది. ఎఫ్‌ఆర్‌ఎల్ నుంచి కట్ట తల దాకా అర టీఎంసీ చోటు ఉందనుకుంటే రెండుంపావు గంటల్లో కట్ట మీదికి వస్తుంది.

విశ్రాంత_ఈఈ
మాస్టారూ, మట్టం పెరిగే కొద్దీ గేట్ల నుంచి వెళ్ళేది కూడా పెరుగుతుంది కదా. తల దాకా వచ్చేసరికి నాలుగు గేట్లే 1.42 లక్షలు వదులుతాయి. అది కలిపి వేయండి.

లెక్కల_మాస్టారు
నిజమే, తొందరపడ్డాను. కలిపి వేస్తే సుమారు నాలుగు గంటలు. అయినా చివరికి తల దాటుతుంది.

కడెం_ఒడ్డు
నాలుగు గంటల్లో ఊరు ఖాళీ చేయవచ్చు, చెప్పేవాడుంటే. 2021 డ్యాము భద్రతా చట్టం అత్యవసర ప్రణాళిక తప్పనిసరి చేసింది. 15 మీటర్ల పైబడిన డ్యాములన్నీ దాని కిందికి వస్తాయి. ఆ ప్రణాళికలో మీ ఊరి పేరు ఉందా అని అడగండి. సైరను ఎక్కడుందో, ఎవరు మోగిస్తారో కూడా.

శాసనప్రియ
మీ మాటల మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించాడు. చెరువుకు కావలసిన పన్నెండు అంగాలనూ, ఆరు దోషాలనూ అందులో చెక్కించాడు. దోషాలలో ఒకటి కట్ట నుంచి నీరు ఊరడం. ఇంకొకటి నీరు తక్కువ, పారవలసిన నేల ఎక్కువ కావడం. దానికి ఎదురుగా నీరు ఎక్కువ, నేల తక్కువ కావడం కూడా దోషమే. ఆరువందల యాభై ఏళ్ళ కిందటే వరదకూ ఆయకట్టుకూ మధ్య తూకం రాతి మీద ఉంది.

ఆయకట్టు_చివర
నీరు తక్కువ, నేల ఎక్కువ. మా కాలువ చరిత్ర ఆ ఒక్క వాక్యమే అమ్మా.

తూములో_చేప
మళ్ళీ వచ్చాను. రెండు రోజుల ముందే తుపాను వస్తుందని తెలుస్తుంది కదా. తూము వల్ల కాదన్నారు, మరి గేట్లే ముందుగా ఎత్తి ఖాళీ పెట్టుకోవచ్చు కదా?

విశ్రాంత_ఈఈ
ఈసారి చేప సరైన చోట ఈదింది. గేట్లకు ఉన్న అసలైన గొప్ప ఇదే, అలుగుకు లేనిది కూడా ఇదే. గేటు తల ఎఫ్‌ఆర్‌ఎల్ కన్నా 30 అడుగుల కింద ఉంది కాబట్టి వరదకు ముందే మట్టం దించవచ్చు. పది వేల క్యూసెక్కుల చొప్పున పద్నాలుగు గంటలు వదిలితే అర టీఎంసీ ఖాళీ. దిగువ వాగు కూడా ఉలిక్కిపడదు. ఏ నెలలో ఎంత మట్టం ఉండవచ్చో చెప్పే పట్టిక, అంటే రూల్ కర్వ్, ప్రతి ప్రాజెక్టుకూ ఉండాలి.

ఆయకట్టు_చివర
వదిలాక తుపాను దారి మళ్ళితే? నవంబరు తరువాత మాకు మళ్ళీ వాన ఎక్కడిది? వాడుక లెక్కలో టీఎంసీకి పది వేల ఎకరాలు. మీరు వదిలే ఆ అర టీఎంసీ ఐదు వేల ఎకరాల వరి. ఊరు మునగాలని నేను కోరడం లేదు, నా బిడ్డల పెళ్ళిళ్ళూ ఆ ఎకరాల్లోనే ఉన్నాయని చెబుతున్నాను. నీళ్ళు వదిలే ప్రతిసారీ చివరి ఊళ్ళవాళ్ళను అడిగేవాడు ఎవరూ ఉండరు.

వాగుగట్టు
అన్నా, మీ మాట కొట్టిపారేయలేను. మా పొలమూ ఆ కాలువ కిందే. ఆ రాత్రి గుట్ట మీద కూర్చున్నప్పుడు కూడా మా నాన్న ‘గండి పడితే ఈ ఏడు పంట ఉండదు’ అనే అన్నాడు. గండి పడితే అర టీఎంసీ కాదు, ఒకటిన్నర మొత్తం పోతుంది.

విశ్రాంత_ఈఈ
ఇద్దరికీ పనికివచ్చే మార్గం ఒకటుంది. ముందుగా వదిలే నీళ్ళను వీలైనంత వరకు కాలువల మీదుగా కింది చెరువులకు మళ్ళించడం. కాలువ పట్టేది తక్కువే అయినా అది చివరి ఊళ్ళ చెరువుల్లో చేరుతుంది. రూల్ కర్వ్ తయారు చేసే కమిటీలో నీటి సంఘం మనిషి ఉండాలని గట్టిగా అడగండి.

ముంపుగ్రామం
కింది ఊళ్ళ గురించి ఇంత మాట్లాడుతున్నారు, పైన ఉన్నవాళ్ళం గుర్తున్నామా? మాది జలాశయం వెనక ఊరు. అలుగు మీద ఐదు అడుగులు పారాలంటే మా పొలాల మీద ఐదు అడుగులు నిలవాలి. ఎఫ్‌ఆర్‌ఎల్ దాకానే మా భూమి తీసుకున్నారు, పరిహారం అంతకే ఇచ్చారు. పైన మునిగే దానికి బాధ్యత ఎవరిది?

లెక్కల_మాస్టారు
న్యాయమైన మాట. నా లెక్కలో మీ పొలం ఒక ఖాళీ గడిగా ఉండిపోయింది, క్షమించండి. కిందటి నవంబరులో ఆరున్నర అడుగులు ఎక్కింది కదా, మీకు ఎక్కడి దాకా వచ్చింది?

ముంపుగ్రామం
ఊరి చివరి మూడు వీధులు. వేరుశనగ కుప్పలు పోయాయి. ఆ ఐదో గేటు లేచి ఉంటే రెండు అడుగుల లోపే ఉండేదని మీ పోస్టులో ఇప్పుడే చదివాను. అంటే కిందివాళ్ళకూ మాకూ శత్రువు ఒకటే.

గేటుపని
అంతే అన్నా. ఒక గేటు తాడు.

విశ్రాంత_ఈఈ
సరే, నా తీర్పు రాస్తాను, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి.

600 అడుగుల పల్లం ఉంది కదా, అందులో తిన్నని అలుగు కట్టకండి. మెలికల అలుగు కట్టండి. గోడను ముందుకూ వెనక్కూ మడతలు పెట్టి కడితే అదే వెడల్పులో మూడింతల పొడవు వస్తుంది. నీళ్ళు మూడింతలు రావు, మడతల మధ్య ఒకదానికొకటి అడ్డుపడతాయి. కానీ ఐదు అడుగుల దగ్గర దాదాపు రెండింతలు, అంటే 40,000 దాకా వస్తుంది. ఇందులోనే పియానో మెట్ల ఆకారం ఉన్న కొత్త రకం ఉంది, దాన్ని ఫ్రాన్స్‌లో గులూర్ డ్యాము మీద 2006లో మొదటిసారి కట్టారు. నాలుగు గేట్లు, మెలికల అలుగు కలిపితే ఎఫ్‌ఆర్‌ఎల్ మీద ఐదు అడుగుల దగ్గర 1.66 లక్షలు వెళ్తుంది. కొత్త వరద ఒక గేటు లేవకపోయినా దాటుతుంది. తల కింద ఇంకా మూడు అడుగులు అలలకు మిగులుతాయి.

అలుగు తల సరిగ్గా ఎఫ్‌ఆర్‌ఎల్ మట్టానికే పెట్టండి. ఆయకట్టు_చివర గారికి ఒక్క అంగుళం నీరు కూడా పోదు.

లెక్కల_మాస్టారు
పోల్చి చూశాను. ఏడు గేట్లు కట్టి ఒకటి లేవకపోతే అదే మట్టంలో 1.89 లక్షలు పోతుంది. కాగితం మీద గేట్లదే పైచేయి, దాచవలసిన పని లేదు. కానీ కరెంటు పోయి ఒక్కటీ లేవని రాత్రి ఏడు గేట్ల నుంచి చుక్క కూడా సరిగా పోదు. అలుగు అప్పుడు కూడా 40,000 వదులుతుంది. కట్టను కాపాడలేదు, కానీ ఊరు లేచి వెళ్ళేందుకు సమయం ఇస్తుంది.

మత్తడిపోత
నేను మొదటి నుంచీ చెబుతున్నది ఇదే కదా. కాకపోతే లెక్క లేకుండా చెప్పాను.

నల్లరేగడి
అలుగు నుంచి పడే నీళ్ళు ఎటు పోతాయి? అది కూడా చూడాలి. కింద గట్టి రాయి లేకపోతే గొయ్యి పడి, ఆ కోత వెనక్కి పాకి అలుగు పునాదినే తవ్వుతుంది. శ్రీశైలం కింద కూడా వరద దూకి దూకి పెద్ద గుంట పడిందని విన్నదే కదా. మా పక్క ఊరి చెరువు అలుగు అలాగే కూలింది.

విశ్రాంత_ఈఈ
చాలా ముఖ్యమైన మాట, నేను వదిలేశాను. అలుగు దిగువన నీటి జోరు చంపే తొట్టి, అక్కడి నుంచి వాగు దాకా రాతి పేర్పుతో దారి కావాలి. అంచనాలో డబ్బు తగ్గించాలంటే మొదట కోసేది దీన్నే. కోయనివ్వకండి. పల్లంలో బోరు వేసి రాయి ఎంత లోతున తగులుతుందో చూశారా అని అడగండి.

అలాగే కాలువ తూము గొట్టం మట్టికట్టలోంచి పోతున్నట్టయితే దాని చుట్టూ ఊట ఉందేమో చూడండి. వరదకు కట్ట తల మీద తెగేవి కొన్ని, తూము పక్క నుంచి లోలోపల మట్టి కొట్టుకుపోయి తెగేవి కొన్ని. కట్ట దిగువ పాదం దగ్గర బురద నీళ్ళు కనిపిస్తే అది ప్రమాదం. తేట నీరైతే రోజూ కొలుస్తూ ఉండాలి.

వాగుగట్టు
అన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నాను. సభలో అడగబోయేవి: వరద అంచనా ఏ వర్గం కింద వేశారు, ఒక గేటు లేవదనుకుని లెక్క ఉందా, మెలికల అలుగుకు పల్లంలో రాయి చూశారా, దిగువ దారికి డబ్బు పెట్టారా, జనరేటరు, స్టాప్‌లాగ్‌లు ఎప్పుడు వస్తాయి, రూల్ కర్వ్‌లో చివరి ఊళ్ళవాళ్ళకూ ముంపు ఊళ్ళవాళ్ళకూ చోటు ఉందా. ముంపుగ్రామం అన్నా, మీరూ రండి. రెండు ఊళ్ళూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే మాట వేరుగా ఉంటుంది.

ముంపుగ్రామం
వస్తాను. మునిగిన మూడు వీధుల గోడల మీద నీటి గుర్తులు ఇంకా ఉన్నాయి. టేపు పెట్టి కొలిచి, ఫొటోలు తీసుకుని వస్తాను. మాస్టారి లెక్కకు సరిపోతాయో లేదో అక్కడే చూద్దాం.

ఆయకట్టు_చివర
మా నీటి సంఘం అధ్యక్షుడిని తీసుకుని నేనూ వస్తున్నాను. అలుగు తల ఎఫ్‌ఆర్‌ఎల్ మట్టానికేనని కాగితం మీద రాయించుకునే కదులుతాను.

గేటుపని
సభకు ముందు రోజు ఉదయం బస్సుకు నేను వస్తాను, మీ లస్కరుతో మాట్లాడి ఉంచండి. ఐదో గేటు తాళ్ళు రెండింటినీ కొలవాలి. గ్రీజు డబ్బా నేనే తెస్తాను.

వాగుగట్టు
బస్సు దిగే చోట ఉంటాను అన్నా. భోజనం మా ఇంట్లోనే, అమ్మ అప్పుడే అడిగింది ఏం వండాలని.